ప్రథమకృతి తారతమ్యవిచారము

గానప్రియులలో నేఁ డొక యాచారము గలదు. ఒక గాయని వెలువరించిన మొట్టమొదటి పాటల సంపుటమును, అనఁగా ఆల్బమని వాడుకలోనున్నదానిని, దీసికొని, యందలి పాటలను ఉత్తమమైనదానినుండి కడపటిదానివఱకు వరుసగా నిలుపుదురు. అమెరికాలోని నల్లజాతి గాయనుల ప్రథమసంపుటములను గూర్చి యిట్టి నిర్ణయములు చేయు నభిమానులు పెక్కుమంది గలరు. ఒకరు మొదట నిలిపిన పాటను వేఱొకరు నాలవస్థానమునకుఁ ద్రోయుదురు. వేఱొకరు కడపట నుంచిన పాటకై మఱియొకరు వాదమునకుఁ గడంగుదురు. పండితులలోఁ బలువురు దీనిని బాలక్రీడగాఁ దలఁచి యుపేక్షింతురు. ఇది విమర్శమగునా, కేవల మభిమానవిలాసమా, విమర్శమే యగునేని దానికిఁ బ్రమాణమేది యని విచారించుట యీ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విచారమునకుఁ బ్రమాణమును గోనసీమవారు దూరమున వెదకఁ బనిలేదు. కావ్యములకుఁ దరగతు లేర్పఱచిన యాలంకారికులలోఁ జివరి మహావిద్వాంసుఁడైన పండితరాజ జగన్నాథుఁడు నేఁటి డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని ముంగండ గ్రామమువాఁడని ప్రసిద్ధి. పదునేడవ శతాబ్దమున ఢిల్లీపాదుషా షాజహాను ఆస్థానమున నాదరింపఁబడి పండితరాజ బిరుదము నందెను. ఆయన రసగంగాధరమున నితరుల శ్లోకముల నెరవు దెచ్చుకొనక స్వకీయశ్లోకములనే యుదాహరించెను. ఒక్కొక్కదానిని బరీక్షించి యది యే తరగతిలోఁ జేరునో, యేల చేరునో హేతువుతోఁ దెల్పెను. కావునఁ దారతమ్యనిర్ణయమే శాస్త్రదూరమనువారు ముందుగా ముంగండ పండితునకు సమాధానము చెప్పవలసియుందురు.

మొదట నా శబ్దమునే పరిశీలింపవలయును. తరప్, తమప్ అను రెండు ప్రత్యయముల చేరికనుండి తారతమ్యశబ్దము పుట్టినది. పాణిని యైదవ యధ్యాయమున వీనిని విధించుచు, రెంటిలో నొకదాని యాధిక్యమును జెప్పునపుడు తరప్పును, బెక్కింటిలో నొకదాని యతిశయమును జెప్పునపుడు తమప్పును బెట్టెను. ఇందొక నియమ మంతర్గతమై యున్నది. ద్రవ్యమునకుఁ బ్రకర్షము లేదు, గుణమునకే ప్రకర్షమని శాబ్దికుల మతము. ఒక వస్త్రముకంటె వేఱొక వస్త్రము శుక్లతరమనవచ్చును, రెంటియందును శుక్లగుణమున్నది. ఘటముకంటె శర్కర మధురతరమనినచో వినువారు నవ్వుదురు. ఘటమున మాధుర్యము లేదు. సమానధర్మము లేనిచోఁ దరప్పునకుఁ గాని తమప్పునకుఁ గాని చోటులేదు. అభిమానులు 'ఈ పాట యుత్తమము' అన్నప్పుడు వారు తమప్పును బ్రయోగించినవారే. అయినఁ దఱుచుగా నే గుణమునందుఁ బ్రకర్షమో చెప్పుటలేదు. వాదములలో సగ మీ లోపమువలనఁ బుట్టినవే.

దీనికి నీనా సిమోన్ ప్రథమసంపుటమును నిదర్శనముగాఁ గొనవచ్చును. 1959లో వెలువడిన యా సంపుటమునకు 'లిటిల్ గర్ల్ బ్లూ' అని పేరు. ఆమె పియానోను శాస్త్రీయపద్ధతిని నేర్చిన విదుషి. గానమును దానే, వాద్యమును దానే నిర్వహించినది. ఆ సంపుటమున మాటలే లేని కేవల వాద్యరచనలును గలవు. అంగుళీచాతుర్యమును గణించువాఁ డా వాద్యరచన నగ్రమున నుంచును. కంఠమునఁ దొణికిసలాడు దైన్యమును గణించువాఁడు 'ఐ లవ్స్ యూ పోర్గీ' యను పాటకుఁ బట్టము గట్టును. ఇరువురును సత్యమే పలుకుచున్నారు. ఒకరి మాట నొకరు ఖండించుట లేదు. ఒకఁడు శుక్లతరమనుచుండ వేఱొకఁడు మధురతరమనుచున్నాఁడు. తాము గణించిన గుణమును ముందుగాఁ జెప్పినచో వివాదము తీఱి విచారము మిగులును.

గుణములలో నేది ప్రధానమను ప్రశ్నమునకు జగన్నాథుని విభాగము మార్గము చూపును. మమ్మటుఁడు కావ్యములను ఉత్తమ మధ్యమ అధమములని మూఁడుగా విభజించెను. జగన్నాథుఁడు వానిని నాలుగు చేసెను. శబ్దార్థములు తమ్ముఁ దాము గౌణములుగాఁ జేసికొని రమణీయమైన వేఱొక యర్థమును స్ఫురింపఁజేయునది ఉత్తమోత్తమము. వ్యంగ్యము ప్రధానము గాకున్నను జమత్కారమునకుఁ గారణమైనది ఉత్తమము. వాచ్యార్థమునందలి చమత్కారమే మిక్కుటమై తోఁచునది మధ్యమము. అర్థచమత్కారము శబ్దచమత్కారమునకుఁ దోడుపడి యడఁగియున్నది అధమము. అర్థచిత్రమును శబ్దచిత్రమును నొకే తరగతిలోఁ బడవేసిన పూర్వుల మతమును, వాని తారతమ్యము స్పష్టముగాఁ గానవచ్చుచుండఁగా సమానము లనుట తగదని యాయన నిరాకరించెను. అడుగునఁ బడియున్నవానిలోఁగూడ భేదమును జూచుటయే యాయన సహృదయత్వము. ఒక సంపుటములోని తొమ్మిదవ పాటకును బదవ పాటకును గల యంతరమునకై వాదించు నభిమాని యీ విషయమున జగన్నాథుని శిష్యుఁడే, తా నెఱుఁగకున్నను.

గానమునందు నింకొక చిక్కు గలదు. శ్లోకమునకుఁ గర్త యొక్కఁడు. పాటకుఁ గర్త యెవ్వరు? క్రియాసిద్ధియందు స్వతంత్రుఁడు కర్తయని వ్యాకరణము. నీనా సిమోన్ పాడిన పైపాట 1935లో వెలసిన జార్జి గెర్ష్విన్ సంగీతరూపకములోనిది. రోబర్టా ఫ్లాక్ 1969 నాఁటి ప్రథమసంపుటము 'ఫస్ట్ టేక్'లోని 'ది ఫస్ట్ టైమ్ ఎవర్ ఐ సా యువర్ ఫేస్' అను పాట ఈవన్ మక్కాల్ అను వేఱొకరి రచన. ట్రేసీ చాప్‌మన్ 1988లోఁ దన పేరనే వెలువరించిన ప్రథమసంపుటములోని పాటలన్నియు నామె స్వీయరచనలు. మొదటి యిరువురును గేవల కరణములని, మూఁడవయామెయే కర్త్రియని చెప్పుట పైపైఁజూపు. మక్కాల్ పాట నా గాయని యతివిలంబముగాఁ బాడినది. మాటకును మాటకును నడుమ నామె నిలిపిన నిశ్శబ్దమున మాటలలో లేని యనురాగము స్ఫురించును. ఆ స్ఫురణము రచయిత చేసినది గాదు. ఆ వ్యాపారమున స్వతంత్రురాలు గాయనియే. కావున స్వీయరచనలు గల సంపుటమును బరరచనలు గల సంపుటమును సరిపోల్చునపుడు దేనికిఁ గర్తృత్వ మెవరిదో ముందు నిర్ణయించుకొనవలయును.

కోనసీమ రసికులకిది క్రొత్తమాట గాదు. ముమ్మిడివరము మొదలగు గ్రామములలోఁ గలావంతులు మేళములు గట్టి క్షేత్రయ్యపదములను బాడి యభినయించుచుండిన కాలమున, ఒకే పదమును బలువురు పాడుచుండిరి. పదము క్షేత్రయ్యదే. అయినఁ బల్లవి నొక్కదానిని బట్టి, నాయిక కోపమును దాఁచుకొన్న తీరును, దాఁచలేకపోయిన తీరును, గోపము నటించిన తీరును వేఱువేఱుగా సంచారములలోఁ జూపుట యభినయించు స్త్రీ ప్రజ్ఞ. సదస్యులు తలయూఁచినది క్షేత్రయ్య మాటకు మాత్రమే గాదు. అచ్చుపడిన పదసంపుటములఁ బదకర్త పేరు నిలిచినది. వానికిఁ బ్రాణము పోసిన స్త్రీల పేళ్లకుఁ జోటు దొరకుట యరుదు. గ్రామఫోనును ఆల్బమును వచ్చినపిమ్మటఁ గంఠము గూడ గ్రంథమైనది. అభిమానులు పాటను గాయని పేరనే వ్యవహరించుట యీ పాత లోపమునకు దిద్దుబాటు.

ఇఁక నభిమానుల నిర్ణయములలోని ముఖ్యదోషమును జెప్పవలసియున్నది. స్వభావసిద్ధమైన గుణమునకును ఔపాధికమైన ఖ్యాతికిని భేదమును బాటింపకుండుటయే యా దోషము. పైమూఁడు సంపుటములే యిందులకు నిదర్శనములు. నీనా సిమోన్ సంపుటమునందలి 'మై బేబీ జస్ట్ కేర్స్ ఫర్ మీ' యను పాట మొదట నంతగాఁ బట్టించుకొనఁబడలేదు. ఇరువదియెనిమిది సంవత్సరముల పిమ్మట, 1987లో, ఒక సుగంధద్రవ్యపు ప్రకటనలో వినఁబడినందున నింగ్లండున మిక్కిలి ప్రసిద్ధమయ్యెను. రోబర్టా ఫ్లాక్ పాట 1971 నాఁటి యొక చలనచిత్రమునఁ జేర్పఁబడిన తరువాతనే, 1972లో, అమెరికాలో నాఱువారములు ప్రథమస్థానమున నిలిచెను. ట్రేసీ చాప్‌మన్ 1988 జూను 11న లండనులో నెల్సన్ మండేలా డెబ్బదవ జన్మదినోత్సవసభలోఁ బాడిన పిదప నామె ప్రథమసంపుటము దేశదేశములఁ బ్రాఁకెను. అందలి 'ఫాస్ట్ కార్' అను పాటను 2023లో ల్యూక్ కూంబ్స్ అను గాయకుఁడు మరల పాడఁగా, ఆ సంవత్సరమే కంట్రీ సంగీతసంఘము వారి యుత్తమగీత పురస్కార మామెకు వచ్చెను. ఆ పురస్కారము నందిన నల్లజాతి రచయితలలో నామెయే మొదటిది. పాట పుట్టి ముప్పదియైదేండ్లయినది. అందొక యక్షరమైన మాఱలేదు.

స్ఫటికము చెంత జపాకుసుమ ముంచిన స్ఫటిక మెఱ్ఱనైనట్లు తోఁచును. ఆ యెఱుపు స్ఫటికమునది గాదు; దాని యుపాధి కుసుమము. ప్రకటనయు, చలనచిత్రమును, ఉత్సవసభయు, మఱియొకరి పునర్గానమును నిట్టి కుసుమములు. వీనివలన నొక పాట ముందునకు వచ్చెనన్న నది యుత్తమమని గాని యుత్తమము గాదని గాని సిద్ధింపదు. కుసుమమును దీసి చూచినప్పుడుగదా స్ఫటికము తెలియుట. 'ఫాస్ట్ కార్'ను ఆ విధముగాఁ జూచిన, దారిద్ర్యమునుండి యొక వాహనమునెక్కి పాఱిపోఁగోరిన స్త్రీ కథ వాచ్యము. ఎక్కడికిఁ బోయినను దన తల్లిదండ్రుల బ్రదుకే తనకును బ్రాప్తించుచున్నదను నిర్వేదము వ్యంగ్యము. ఆ నిర్వేద మామె నోట స్పష్టముగా వెలువడదు. ఆశను జెప్పు మాటలే కథ మాఱినకొలఁది నిరాశను స్ఫురింపఁజేయును. జగన్నాథుని లెక్క నిది మొదటి తరగతిలోనికి రాఁదగినది. దానిని మొదట నిలిపిన యభిమానుల నిర్ణయము యుక్తమే. పురస్కారము వచ్చినదను హేతువు మాత్ర మయుక్తము. సత్యమైన సాధ్యమునకు హేత్వాభాసమును జూపుట పరీక్షలో నోడుటయే.

ప్రథమకృతియనునప్పుడు మఱియొక మెలఁకువ వలయును. తరువాతి కృతుల ఖ్యాతిని వెనుకకుఁ దెచ్చి మొదటిదానికిఁ బూయుట గాని, తరువాతి ప్రౌఢిమతోఁ బోల్చి మొదటిదానిని జిన్నబుచ్చుట గాని తగదు. కోనసీమ రైతు కొబ్బరిచెట్టు తొలిగెలను జూచి చెట్టు ఫలము నంతయు లెక్కవేయఁడు. తొలిగెల చిన్నదని చెట్టును నఱకఁడు. తొలిగెలలోని కాయ మంచిదో కాదో చెప్పుటకు దానిఁ గొట్టి చూచుట యొక్కటే యుపాయము. ఒక సంపుటములోని పాటలను దమలోఁ దమకే పోల్చు నభిమానుల పద్ధతి యీ విషయమున నిర్దుష్టము. అది ప్రథమకృతిని దాని యెల్లలలోనే నిలిపి చూచును.

ఇంతవఱకుఁ జెప్పినది నిర్ణయించుటలోని గుణదోషములను గూర్చి. ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. కడపటిస్థానమున నుంచుట వేఱు, పంక్తినుండి లేపివేయుట వేఱు. తెలుఁగు సాహిత్యమున రెండవదాని కుదాహరణము ముద్దుపళని రాధికాసాంత్వనము. ఆమె పదునెనిమిదవ శతాబ్దమునఁ దంజావూరి ప్రతాపసింహుని యాస్థానమున నుండిన విదుషి. నాలుగాశ్వాసముల యా శృంగారప్రబంధమున, తాను పెంచిన యిళను గృష్ణునకుఁ గట్టఁబెట్టిన రాధ, పిదప నీర్ష్యాదుఃఖములఁ గుందుటయుఁ, గృష్ణుఁ డామెను సాంత్వనపఱచుటయు వస్తువు. కందుకూరి వీరేశలింగముగా రాంధ్రకవుల చరిత్రమున నామె పాండిత్యమును గవితామార్దవమును నంగీకరించియు, శృంగారమును గర్హించి, స్త్రీముఖమునుండి రాఁదగనిదని తలఁచిరి. స్త్రీవిద్యకై యాయన చేసిన సేవ యపారము. భోగపు మేళముల నాయన నిరసించుటయు సంస్కారబుద్ధిచేతనే. అయిన నా వాక్యమునఁ గావ్యగుణమునకును గర్త్రి జన్మమునకును గల యెల్ల చెఱిగిపోయినది.

బెంగుళూరు నాగరత్నమ్మగారు, దామును దేవదాసి కులమునఁ బుట్టిన గాయని, యచ్చుప్రతిని వ్రాఁతప్రతితోఁ బోల్చి చూచి, లోపించిన పద్యములను జేర్చి, 1910లో వావిళ్లవారిచేఁ బరిష్కృతముద్రణము వేయించిరి. ఔచిత్యము స్త్రీలకు మాత్రమేనా, పురుషులకు వలదా యని యామె పీఠికలో నడిగి, పురుషులు రచించిన వైజయంతీవిలాసము మొదలగు శృంగారకావ్యముల నెదుర నిలిపిరి. అదియే తారతమ్యవిచారము: ఒకే గుణమునుగూర్చి రెండు కావ్యములకు నొకే తూనికరాయి యుండవలయుననుట. దాని కుత్తరముగా వచ్చినది విమర్శము గాదు, ప్రభుత్వ నిషేధము. 1947లోఁ, బ్రకాశముపంతులుగారి ప్రభుత్వకాలమున, నా నిషేధము తొలఁగెను. 1952లోఁ గావ్యము మరల నచ్చయ్యెను. నాలుగు దశాబ్దములు పాఠకులు రాధికాసాంత్వనమునకు మొదటి స్థానమా, కడపటి స్థానమా యని వాదించుటకే యవకాశము లేకపోయినది.

ఇచ్చట జగన్నాథుని గూర్చిన యైతిహ్య మొకటి స్మరింపఁదగినది. ఆయన యవనస్త్రీని బెండ్లాడెనని, అందులకుఁ బండితు లాయనను బంక్తిబాహ్యునిఁ జేసిరని లోకులు చెప్పుకొందురు. అది నిజమగుఁగాక, కట్టుకథ యగుఁగాక. ఆ కథను నమ్మిన పండితుఁడుగూడ రసగంగాధరమును బాఠమునుండి తొలఁగింపలేదు. మనిషిని నిందించినవారును గ్రంథమును విడువలేదు. అదే న్యాయము ముద్దుపళనియెడ నేల లేకపోయినది? పురుషుని దోషము పురుషునితోఁ బోయినది. స్త్రీ జన్మము కావ్యమునకు నంటినది. దీనిని దారతమ్యదోషమనుట చాలదు. తారతమ్యమునకే యర్హత లేదనుట యిది.

సముద్రముల కావలఁగూడ నిట్టిదే జరిగినది. నీనా సిమోన్ యౌవనమున, 1951లో, ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీతవిద్యాలయమునఁ బ్రవేశమునకుఁ బరీక్ష నిచ్చి నిరాకరింపఁబడెను. తన వర్ణమే కారణమని యామె జీవితాంతమును విశ్వసించెను. 2003లో నామె మరణమునకుఁ గొన్నిదినముల ముందే యా విద్యాలయ మామెకు గౌరవపట్టము నిచ్చెను. ఆ ప్రథమసంపుటము పియానో ముందఱఁ గూర్చుండిన యట్టి విద్యార్థినిది. దానిపై హక్కులను సుమారు మూఁడువేల డాలర్లకే వదలుకొంటినని, తరువాతి లాభములు తనకు రాలేదని యామెయే చెప్పుకొన్నది. అట్టి సంపుటములోని ప్రతిపాటను, వాద్యరచనతోఁగూడ, నేఁటి శ్రోత శ్రద్ధగా విని 'ఇది యాఱవది, ఇది యేడవది' యనుచున్నాఁడన్న, నాతఁడు ప్రతిపాటకును బంక్తిలో విస్తరి వేసినాఁడన్నమాట.

అధమమను పేరు విని యుదాసీనులగువారు రసగంగాధరమును మరల చూడవలయును. జగన్నాథుని నాలవ తరగతియుఁ గావ్యమే. రమణీయార్థమును బ్రతిపాదింపని కేవలాక్షరబంధముల నైదవ తరగతిగా నుంచుమని కొందఱన్నను, అవి కావ్యలక్షణమునకే వెలియని యాయన చేర్పలేదు. కావున నాలవదానికిని వెలియైనదానికిని నడుమనున్న గీఁతయే శాస్త్రమున మిక్కిలి కఠినమైనది. ఆ గీఁతను గీయునప్పుడు జగన్నాథుఁడు చూచినది శబ్దార్థములను. రాధికాసాంత్వనమునకు గీఁత గీచినవారు చూచినది కర్త్రిని.

అభిరుచులు భిన్నములు, వానికి శాస్త్రమేల యని యభిమానులే యనవచ్చును. రుచి భిన్నమగుట నిజము. కాని నలుగురిలోఁ బ్రకటించిన నిర్ణయము రుచిమాత్రముగా నుండదు. పైవరుసలోనివి మరల మరల వినఁబడును, క్రిందివి మఱపునఁ బడును. ఏది నిలుచునో నిర్ణయించువాఁడు హేతువును జెప్పవలసినవాఁడే. కావున నభిమానులు మూఁడు నియమములను బాటింతురేని వారి క్రీడ విమర్శమగును: ఏ గుణమునందుఁ బ్రకర్షమో ముందుగాఁ జెప్పుట, రచన యెవరిది, స్ఫురణ యెవరిదను కర్తృవిచారము చేయుట, ప్రకటనలు, పురస్కారములు మొదలగు నుపాధులను దొలఁగించి పాటను జూచుట.

పండితులు వారియొద్ద నేర్వవలసినది యొక్కటే: నిర్ణయించుటకు ముందు సంపుటమును గడపటి పాటవఱకు వినుట. రాధికాసాంత్వనమును మొదటి పద్యమునుండి తుదిపద్యమువఱకుఁ జదివి, యేపద్య ముత్తమోత్తమమో, యేది శబ్దచిత్రమాత్రమో, యెచట నౌచిత్యము చెడినదో హేతువుతోఁ దెలుపు వ్యాఖ్య వెలువడునాఁడు, దానిని గడపట నిలిపినను ముద్దుపళనికిఁ గొఱఁతలేదు. ఆ వ్యాఖ్యను వ్రాయఁదగిన విద్య కోనసీమ పాఠశాలలలో లేకపోలేదు.